ఊరు చేసే పని సంస్థ చేయాలంటే

ఆటిజం అనే పేరుతో వైద్యశాస్త్రం మొట్టమొదట నమోదు చేసిన పిల్లాడు 2023 జూన్‌లో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 89 ఏళ్లు. పేరు డొనాల్డ్ ట్రిప్లెట్, ఊరు అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న పట్టణం. 1943లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన పత్రంలో మొదటి కేసు ఆయనే. డాక్టర్లు చెప్పారని తల్లిదండ్రులు ఆయన్ని దాదాపు నాలుగేళ్ల వయసులో ఒక సంస్థలో చేర్చారు. అక్కడ పిల్లాడు మరీ ముడుచుకుపోతుంటే చూడలేక ఏడాదికల్లా ఇంటికి తెచ్చేసుకున్నారు. తర్వాత ఆయన డిగ్రీ చదివాడు, దశాబ్దాల పాటు బ్యాంకులో పనిచేశాడు, కారు నడపడం నేర్చుకున్నాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు. అమ్మానాన్నలు పోయాక కూడా అదే ఇంట్లో ఉన్నాడు.

ఈ కథని మామూలుగా ‘ఆటిజం ఉన్నా ఎంత సాధించాడో చూడండి’ అని చెబుతారు. అలా చెబితే అసలు సంగతి మరుగున పడిపోతుంది. ఆ బ్యాంకు తల్లి తరఫు వాళ్లది. తండ్రి లాయరు. ఊళ్లో అందరికీ ఆయన తీరు చిన్నప్పట్నుంచీ తెలుసు. పరిచయమైన మనుషులకి ఆయన ఒక్కో అంకె కేటాయించేవాడు. ఏళ్ల తర్వాత కనిపించినా ఆ అంకె మర్చిపోయేవాడు కాదు. ఊరివాళ్లు దాన్ని పిచ్చితనం అనుకోలేదు. ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన విలేకరులకు ‘మా డొనాల్డ్‌ని బాధపెడితే ఊరుకోం’ అని హెచ్చరికలు కూడా అందాయి.

డబ్బు, పని, ఇల్లు, తెలిసిన మనుషులు. నాలుగూ ఒకేచోట కుదిరాయి. అదే రాష్ట్రంలో, డొనాల్డ్ పుట్టిన 1933లోనే ఒక నల్లజాతి కూలీ ఇంట్లో పుట్టిన పిల్లాడికైతే వీటిలో ఎన్ని దక్కేవి? డొనాల్డ్ గురించి తండ్రి కానర్‌కి రాయించి పంపిన ఉత్తరమే 33 పేజీలు. ఆ కూలీ కొడుకు గురించి ఒక్క పేజీ రాసే వాళ్లు కూడా ఉండేవారు కాదు.

ఆటిజం, మేధో వైకల్యం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ లాంటి ఎదుగుదల సంబంధిత వైకల్యాలున్నవారి కోసం పనిచేసే లాభాపేక్ష లేని సంస్థల పని ఏమిటో ఇక్కణ్నుంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. డొనాల్డ్‌కి ఊరు దానంతటదే ఇచ్చినదాన్ని, అలాంటి ఊరు లేనివాళ్లకి జీతాలతో, విరాళాలతో, ప్రభుత్వ నిధులతో సమకూర్చాలని ఇవి చూస్తాయి. అందులో కొంత కుదురుతుంది. కొంత ఎన్ని నిధులు పోసినా కుదరదు.

కోపంలోంచి పుట్టినవి

ఈ సంస్థల్లో చాలావాటిని స్థాపించింది దాతలో, డాక్టర్లో, ప్రభుత్వాలో కాదు. ఒళ్లు మండిన తల్లిదండ్రులు.

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో బిడ్డకు మేధో వైకల్యం ఉందని తేలితే డాక్టరు ఇచ్చే సలహా ఒకటే: సంస్థలో చేర్చేయండి, మర్చిపోండి, ఇంకో బిడ్డని కనండి. ఆ సంస్థలు ఎలా ఉండేవో తెలియాలంటే న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ చాలు. 4,000 మందికని కట్టిన చోట 1965 నాటికి 6,000 మందికి పైగా ఉన్నారు. ఆ ఏడాది చూసి వచ్చిన సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ దాన్ని పాముల పుట్టతో పోల్చాడు. అయినా ఏమీ మారలేదు. 1972లో ఒక టీవీ విలేకరి కెమెరాతో లోపలికి వెళ్లి, ఒంటిమీద బట్టల్లేకుండా నేల మీద పడి ఉన్న పిల్లల్ని చూపించాకే జనానికి చురక తగిలింది. అది పూర్తిగా మూతపడటానికి 1987 దాకా పట్టింది.

ఆటిజం విషయంలో దీనికి తోడు ఇంకో నింద. తల్లి ప్రేమగా చూసుకోకపోవడం వల్లే బిడ్డ అలా తయారైందని పెద్దపెద్ద నిపుణులే చెప్పేవారు. ‘ఫ్రిజ్ లాంటి తల్లి’ అనే మాట అప్పట్లో అక్షరాలా వాడుకలో ఉండేది. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, తానే ఆటిజం ఉన్న కొడుకు తండ్రి, ఇది మెదడుకు సంబంధించిన విషయమని వాదిస్తూ పుస్తకం రాశాడు. మరుసటి ఏడాదే ఆయనా మరికొందరు తల్లిదండ్రులూ కలిసి అమెరికాలో జాతీయ స్థాయి సంఘం పెట్టారు. బ్రిటన్‌లో అంతకు మూడేళ్ల ముందే, 1962లో, లండన్‌లో కొందరు తల్లిదండ్రులు ఇలాంటి సంఘమే పెట్టుకున్నారు. వాళ్ల పిల్లలకు పాఠాలు చెప్పడానికి ముందుకొచ్చిన సిబిల్ ఎల్గర్ అనే టీచరు తన ఇంట్లోనే మొదలుపెట్టింది. 1965కి అది స్కూలు అయింది. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి వాళ్లకు చోటు లేదని మళ్లీ తెలిసొచ్చింది. 1974లో సోమర్సెట్ కోర్ట్ పేరుతో పెద్దవాళ్ల కోసం నివాసం తెరిచారు. పిల్లల వయసు పెరిగేకొద్దీ సంస్థ కూడా పెరగడం అన్నది ఈ రంగంలో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ముందుచూపుతో కట్టినవి తక్కువ, నెత్తిమీదకి వచ్చాక కట్టినవి ఎక్కువ.

సేవలందించడం ఒక్కటే ఈ సంఘాల పని అనుకుంటే పొరపాటు. పెన్సిల్వేనియాలో మేధో వైకల్యమున్న పిల్లల తల్లిదండ్రుల సంఘం తమ పిల్లల్ని బడిలో చేర్చుకోవడం లేదని రాష్ట్ర ప్రభుత్వం మీదే కేసు వేసింది. 1971లో రాష్ట్రం దిగివచ్చి ఒప్పందానికి తలూపింది. ఆ దారిలోనే 1975లో, వైకల్యమున్న ప్రతి పిల్లాడికీ చదువు హక్కు అని అమెరికా చట్టం చేసింది. ఆ సంఘం కేసుకు పెట్టిన డబ్బుతో ఒక స్కూలు కట్టుకుని ఉంటే ఓ వంద మంది చదువుకునేవారు. కోర్టుకెక్కడం వల్ల లక్షల మందికి బడి తలుపులు తెరుచుకున్నాయి. దాతలకు మాత్రం స్కూలు కనిపిస్తుంది, కోర్టు కేసు కనిపించదు.

కుళాయి దగ్గర

సేవల జాబితా చెప్పుకోవడం తేలికే. చిన్నప్పుడే గుర్తించి మొదలుపెట్టే థెరపీలు, స్పెషల్ స్కూళ్లు, తల్లిదండ్రులకు శిక్షణ, ఇంట్లోవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకునేలా కొన్ని గంటలో కొన్ని రోజులో బిడ్డని చూసుకోవడం, పెద్దవాళ్లకు డే సెంటర్లు, ఉద్యోగ శిక్షణ, కొద్దిమంది కలిసి సిబ్బంది సాయంతో ఉండే గ్రూప్ హోమ్‌లు, గార్డియన్‌షిప్, ట్రస్టు లాంటి న్యాయపరమైన వ్యవహారాల్లో సాయం. బ్రోచర్లన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. బ్రోచర్‌లో రానిది ఈ పని ఎంత నెమ్మదిగా నడుస్తుందన్నది.

చేతులు కడుక్కోవడం తీసుకోండి. మామూలు వాళ్లకి అది ఒకే పని. స్పెషల్ ఎడ్యుకేటర్‌కి తొమ్మిది పనులు: కుళాయి తిప్పడం, చేతులు తడపడం, సబ్బు తీసుకోవడం, రుద్దడం, సబ్బు తిరిగి పెట్టడం, నురగ పోయేదాకా కడగడం, కుళాయి కట్టేయడం, టవల్ అందుకోవడం, తుడుచుకోవడం. తరచూ చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పుతారు. మొదటి ఎనిమిదీ టీచరు చేయి పట్టి చేయిస్తుంది, తుడుచుకోవడం ఒక్కటి పిల్లాడికి వదిలేస్తుంది. అలా చేస్తే ప్రతిసారీ పని పూర్తిచేసింది వాడే అవుతాడు. అది పట్టుబడ్డాక టవల్ అందుకోవడం కూడా వాడికే. ఇలా ఒక్కో మెట్టూ వెనక్కి వస్తూ కుళాయి దాకా చేరడానికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు.

అంతా సవ్యంగా నడిచి కుళాయి దగ్గరే ఆగిపోయిందనుకుందాం. పిల్లాడు ముట్టుకోడు, చెవులు మూసుకుంటాడు, చేయి పట్టుకుంటే కొరుకుతాడు. ‘మొండి’ అని రాసేసి వదిలేయొచ్చు. పని తెలిసిన టీచరు మాత్రం నోట్‌బుక్ తీసుకుని, కొరకడానికి సరిగ్గా ముందు ఏం జరిగింది, కొరికాక ఏం జరిగింది అని రోజూ రాసుకుంటుంది. వారం తిరిగేసరికి ఒక సంగతి బయటపడుతుంది: కుళాయి నిండుగా తిప్పినప్పుడే ఈ గొడవ, సగం తిప్పితే లేదు. స్టీలు సింకు మీద నీళ్లు పడే చప్పుడే వాడి ప్రాణం తీస్తోంది. సింకులో ఒక గుడ్డ పరిస్తే సమస్య తీరింది. అదనపు ఖర్చు ఏమీ లేదు. కానీ ఆ గుడ్డ దాకా రావాలంటే వారం రోజుల పాటు ఒకే మనిషి, ఒకే పిల్లాడి పక్కన, విసుక్కోకుండా కూర్చోవాలి.

కొరకడం, కొట్టడం, తల గోడకేసి బాదుకోవడం లాంటివి చాలాసార్లు మాటకు బదులు వచ్చేవే. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే పరిశోధకులు దీన్ని స్పష్టంగా చూపించారు: పని కష్టంగా ఉందని సాయం అడగడం, నా వైపు చూడమని అడగడం నేర్పితే ఆ ప్రవర్తన తగ్గింది. ఆ కాలంలోనే బొమ్మల కార్డు ఇచ్చి కావలసింది అడిగే పద్ధతి కూడా రూపుదిద్దుకుంది. ఇప్పుడు అదే పని ట్యాబ్‌లెట్లు చేస్తున్నాయి. ఒక సంస్థ బాగా నడుస్తోందో లేదో తెలుసుకోవాలంటే గోడల మీది పెయింటింగులు చూడక్కర్లేదు. అక్కడ మాటలు రాని మనిషి ‘వద్దు’ అని ఎలా చెబుతాడు, చెప్పాక ఎవరైనా వింటారా అని చూస్తే చాలు.

ఇరవై ఒకటి దాటాక

పిల్లలకు సేవలందించే సంస్థలు ఎన్ని ఉంటే, పెద్దవాళ్లకు అందించేవి అందులో కొన్నే ఉంటాయి. బాల్యం పద్దెనిమిదేళ్లు, ఆ తర్వాతి జీవితం యాభై అరవై ఏళ్లు. లెక్క ప్రకారం తలకిందులుగా ఉండాలి.

అమెరికా ఉదాహరణే చూస్తే కారణం సగం తెలుస్తుంది. అక్కడ 1975 చట్టం ఇచ్చిన చదువు హక్కు సాధారణంగా 21 ఏళ్ల వరకే. ఆ పుట్టినరోజు దాకా బస్సు ఇంటి ముందుకొస్తుంది, థెరపిస్టు ఉంటాడు, ఏడాదికోసారి సమావేశం పెట్టి లక్ష్యాలు రాస్తారు. ఆ తర్వాత దొరికేది హక్కు కాదు, దరఖాస్తు. మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య సాయ పథకం కింద, ఇంట్లో ఉంటూ, ఊళ్లో ఉంటూ సహాయం పొందే వీలు 1981లో వచ్చింది. దాని కింద ఎంతమందికి సాయం అందించాలన్నది రాష్ట్రాలు తేల్చుకోవచ్చు. మిగతావాళ్లు వరసలో నిలబడాలి. 2023 నాటికి ఆ వెయిటింగ్ లిస్టుల్లో దాదాపు 7 లక్షల మంది ఉన్నారు, ఎక్కువమంది మేధో, ఎదుగుదల వైకల్యాలున్నవారే. స్కూలు చివరి ఏడాదిలో ఇంట్లోవాళ్లకు పట్టుకునే టెన్షన్ ఇదే. బ్రిటన్, ఇంకా చాలా దేశాల్లో చట్టాలు వేరు, సేవలు ఒక్కసారిగా ఆగిపోయే ఆ అంచు మాత్రం ఉంటుంది.

రెండో సగం కారణం దాతల మనసు. చిన్నపిల్లాడి ఫొటోకి విరాళం వస్తుంది. నలభై ఏళ్ల, గడ్డం నెరుస్తున్న, సంతోషం వస్తే చేతులు ఊపే మనిషి ఫొటోకి రాదు. పైగా పిల్లల విషయంలో ‘బాగైపోతాడు’ అనే ఆశను అమ్మొచ్చు. 1987లో ఓ. ఐవార్ లోవాస్ అనే సైకాలజిస్టు ప్రచురించిన అధ్యయనంలో వారానికి 40 గంటల శిక్షణ పొందిన 19 మంది చిన్నపిల్లల్లో 9 మంది మామూలు పిల్లల స్థాయికి వచ్చారని రాశాడు. ఆ అధ్యయనం పిల్లల్ని గుంపులుగా విడదీసిన తీరు మీద, కొన్ని కేసుల్లో శిక్షలు కూడా వాడిన తీరు మీద తర్వాత గట్టి విమర్శలొచ్చాయి. అయినా ఆ 40 అనే అంకె మాత్రం తల్లిదండ్రుల తలల్లో నిలిచిపోయింది. చిన్నతనంలో సాయం అందితే మేలు జరుగుతుందన్నది నిజమే. అక్కడే డబ్బంతా పోసేస్తే, మారని వాళ్లకీ, కొంతే మారిన వాళ్లకీ మిగిలేదేమీ ఉండదు.

అమెరికాలో 2022 లెక్కల ప్రకారం, పరిశీలించిన ప్రాంతాల్లో ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రతి 31 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్టు గుర్తించారు. ఎందుకు పెరిగిందన్న చర్చ, నిర్వచనం మారడం, గుర్తించడం మెరుగవడం, అదంతా వేరే వ్యాసం. ఇక్కడ పట్టించుకోవాల్సింది ఒక్కటే. వీళ్లంతా పెద్దవాళ్లవుతారు.

లాభం లేదంటే ఉచితమని కాదు

‘లాభాపేక్ష లేని సంస్థ’ అనగానే అక్కడ ఫీజులుండవని, పనిచేసేవాళ్లంతా సేవాభావంతో ఊరికే వస్తారని అనుకోవడం మామూలే. ఆ మాటకు అర్థం మిగిలిన డబ్బు ఎవరూ పంచుకోరని మాత్రమే. మిగలాలి కూడా. మిగలని సంస్థ మొదటి కష్టకాలంలోనే మూతపడుతుంది.

డబ్బు ఏ దారిన వస్తే సేవ ఆ రూపం తీసుకుంటుంది. దాత భవనానికిస్తే భవనం లేస్తుంది, దాని మీద పేరు ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసే మనిషి జీతానికి ఎవరూ తమ పేరు పెట్టించుకోరు. ప్రాజెక్టు గ్రాంటు రెండు మూడేళ్లకొస్తుంది. పిల్లాడికి కొత్త మనిషి అలవాటవడానికే ఆరు నెలలు పడుతుంది, ఆ తర్వాత ఏడాదిన్నరకో రెండున్నరేళ్లకో గ్రాంటు అయిపోతుంది.

ప్రభుత్వం గంటల లెక్కన చెల్లించే చోట ఇంకో చిక్కు. ఒక అమ్మాయికి ఒంటరిగా బస్సెక్కడం నేర్పాలనుకుందాం. మొదట పక్కన కూర్చుని తీసుకెళ్తారు, తర్వాత రెండు సీట్ల వెనక కూర్చుంటారు, తర్వాత స్టాపు దగ్గర నిలబడి చూస్తారు, ఆఖరికి ఆమె ఒక్కతే వెళ్తుంది. ఇది పూర్తయిన రోజు ఆమెకు గొప్ప రోజు. సంస్థ ఖాతాలో మాత్రం వారానికి పది గంటలు తగ్గిపోతాయి. ఎవరూ కావాలని ఆమెను వెనక్కి లాగరు. కానీ నేర్పించడంలో తొందరపడాల్సిన అవసరం కూడా ఎవరికీ కనిపించదు. మనుషులు మంచివాళ్లయినా చెల్లింపు పద్ధతి చెడ్డదైతే ఫలితం ఇలాగే ఉంటుంది. దీన్ని గమనించకుండా ‘స్వతంత్ర జీవనం మా ధ్యేయం’ అని బోర్డు మీద రాసుకున్నా ఉపయోగం లేదు.

ఉద్యోగాల విషయంలోనూ ఇదే తంతు. వైకల్యమున్నవాళ్లను ఒకేచోట కూర్చోబెట్టి కవర్లు మడతపెట్టించడం, స్క్రూలు పొట్లాలు కట్టించడం లాంటి పనులిచ్చే వర్క్‌షాపులు ఎన్నో దశాబ్దాలుగా ఉన్నాయి. అమెరికాలో 1938 నాటి కార్మిక చట్టం ఇలాంటి చోట్ల కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వడానికి అనుమతించింది. పలు రాష్ట్రాలు దీన్ని ఇటీవలి కాలంలో ఎత్తేశాయి. దీనికి ఎదురుదారిలో, 2004లో డెన్మార్క్‌లో థోర్కిల్ సోన్నే అనే తండ్రి స్పెషలిస్టర్నె అనే సంస్థ పెట్టి, ఆటిజం ఉన్నవాళ్లతో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లాంటి పనులు మార్కెట్ ధరకే చేయించాడు. అది గొప్ప మార్గమే, కానీ మాటలు వచ్చి, కంప్యూటరు పట్టుబడిన వాళ్లకే. ఆటిజం అంటే కంప్యూటర్ మేధావులే అన్న కొత్త అపోహ ఒకటి బయల్దేరింది. రోజంతా ఇంకొకరి సాయం కావలసినవాళ్లు ఆ బొమ్మలో కనిపించరు.

నీలం టవల్

ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు భవనమో పరికరమో కాదు, తెలిసిన మనిషి. అమెరికాలో ఈ సేవల్లో నేరుగా మనుషులతో పనిచేసే సిబ్బందిలో ఏటా 40 శాతం దాకా ఉద్యోగం మానేస్తున్నారు. కారణం రహస్యమేమీ కాదు. జీతం తక్కువ, పని కష్టం, ఎదుగుదల లేదు. అంతే బరువున్న పనికి పక్క దుకాణంలో ఎక్కువిస్తున్నప్పుడు సేవాభావం ఎన్నాళ్లు లాగుతుంది?

మానేసిన మనిషితో పాటు ఏం పోతుందో దగ్గర్నుంచి చూడాలి. ఒక గ్రూప్ హోమ్‌లో నలుగురుంటారనుకుందాం. వాళ్లలో ఒకాయనకు మాటలు రావు. స్నానం తర్వాత నీలం టవలే కావాలి. అది ఉతుకుడులో ఉంటే ముందే చూపించి, ఎక్కడుందో చెప్పి, తెల్లది చేతిలో పెట్టాలి. ఎడమ చెవి మీద అరచేత్తో కొట్టుకుంటున్నాడంటే కోపం కాదు, పంటినొప్పి. నాలుగేళ్లు పనిచేసిన ఆయా ఇది ఎక్కడా రాసిపెట్టలేదు, ఆమెకు తెలుసంతే. ఆమె వెళ్లిపోయిన మూడోరోజు కొత్తవాళ్లు తెల్ల టవల్ ఇస్తారు. బాత్‌రూమ్ తలుపు విరుగుతుంది. రిజిస్టరులో ‘కారణం లేకుండా దూకుడు’ అని రాస్తారు. నెల తిరిగేసరికి డాక్టరు మందు డోసు పెంచుతాడు. ఎవరూ తప్పు చేయలేదు, కానీ ఒక మనిషి మగతలోకి వెళ్లిపోయాడు. పన్నుకు వైద్యం అందలేదు.

డొనాల్డ్ ఊళ్లో ఆ నీలం టవల్ సంగతి వందమందికి తెలిసి ఉండేది. సంస్థలో అది ఒకరి తలలో ఉంటుంది, లేదా కాగితం మీద ఉండాలి. మంచి సంస్థలు ఒక్కో మనిషి గురించి ఒక పేజీ రాసి పెట్టుకుంటాయి: ఏది ఇష్టం, ఏది భయం, ఏ సైగకు ఏం అర్థం, ఎలా సాయం చేయాలి. ప్రతి షిఫ్టు మారేటప్పుడు చదువుతాయి. ఇది జీతాలు పెంచడానికి బదులు కాదు. జీతాలు పెంచలేని సంస్థకు కనీసపు పని.

ఎవరి మాట చెల్లుతుంది

మొదటి తరం సంస్థల్లో చాలావరకు తల్లిదండ్రులు పెట్టినవి కావడంతో వాటి బోర్డుల్లోనూ వాళ్లే కూర్చున్నారు. ఎవరి కోసం పెట్టారో వాళ్లకు కుర్చీ లేదు. 1974లో అమెరికాలోని ఓరెగాన్‌లో మేధో వైకల్యమున్నవాళ్లే సమావేశం పెట్టుకుని, ముందు మేం మనుషులం అని చెప్పుకోవడంతో పీపుల్ ఫస్ట్ ఉద్యమం మొదలైంది. 1993లో, తనకే ఆటిజం ఉన్న జిమ్ సింక్లెయిర్ ఆటిజం ఉన్నవారి తరఫున తల్లిదండ్రులకు సూటిగా చెప్పారు, మా గురించి శోకించకండి అని. మీరు ఏడుస్తున్నది ఉండాలనుకున్న బిడ్డ కోసం, ఉన్న బిడ్డ కోసం కాదన్నది ఆ వాదన సారం. 2006లో ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వకసీ నెట్‌వర్క్ ఏర్పడింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు గురించి అందులోని 19వ అధికరణం చెబుతుంది.

దీనివల్ల సేవల్లో ఏం మారుతుందో చిన్న ఉదాహరణ. కళ్లలోకి చూసి మాట్లాడటం చాలా ఏళ్లపాటు థెరపీ లక్ష్యాల జాబితాలో మొదట ఉండేది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు వచ్చి, కళ్లలోకి చూస్తే మీరు చెప్పేది వినపడదు, చూడకపోతేనే వింటాం అని చెప్పాక చాలాచోట్ల ఆ లక్ష్యాన్ని తీసేశారు. పొద్దస్తమానం సాయం కావలసిన బిడ్డల తల్లిదండ్రులకు ఈ ఉద్యమం మీద కోపం కూడా ఉంది. మాట్లాడగలిగినవాళ్లు మాట్లాడలేనివాళ్ల తరఫున నిర్ణయిస్తున్నారని. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. దానికి మందు బోర్డులో ఇద్దరికీ చోటివ్వడమే. ఒకరిని బయటికి పంపడం కాదు.

మాట్లాడలేనివాళ్ల తరఫున ఇంకొకరు మాట్లాడితే ఎంత ప్రమాదమో 1990ల్లో తేలింది. చేతికి ఆసరా ఇస్తే ఆటిజం ఉన్నవాళ్లు కీబోర్డు మీద వాక్యాలు రాస్తున్నారని ఒక పద్ధతి ఆస్ట్రేలియా నుంచి అమెరికాకు వచ్చి దావానలంలా పాకింది. సంస్థలు సిబ్బందికి శిక్షణలిచ్చాయి. తల్లిదండ్రులు ఆనందంతో ఏడ్చారు. పరీక్ష పెట్టి చూస్తే రాస్తున్నది చేయి పట్టుకున్న మనిషేనని తేలింది. పట్టుకున్నవాళ్లకు కూడా ఆ సంగతి తెలియదు. 1994లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదని తీర్మానించింది. ఆశ ఎక్కువున్న చోట పరీక్ష కూడా ఎక్కువుండాలి. ఈ రంగంలో మాత్రం తరచూ దానికి తలకిందులుగా జరుగుతుంది.

స్థాపకుడి మీద భక్తి కూడా అలాంటిదే. 1964లో ఫ్రాన్స్‌లో జాన్ వానియే మొదలుపెట్టిన లార్ష్ సంస్థలో మేధో వైకల్యమున్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే ఇంట్లో కలిసి బతుకుతారు. ప్రపంచమంతా ఆ నమూనాని మెచ్చుకుంది, మెచ్చుకోదగ్గదే. ఆయన 2019లో చనిపోయాక, ఆయన కొందరు మహిళలను లైంగికంగా దుర్వినియోగం చేశాడని 2020లో ఆ సంస్థే చేయించిన విచారణలో బయటపడింది. వాళ్లు వైకల్యమున్నవారు కాదు. నిజాన్ని తానే బయటపెట్టిన సంస్థ నిలబడింది. ‘మా సార్ దేవుడండీ’ అని సిబ్బంది అంటుంటే, ఆ సార్‌ను ప్రశ్నించే అధికారం ఎవరికుందో ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది.

రెండో గీత

‘మేం పోయాక వీడి గతేంటి?’ ఏ దేశంలో, ఏ తల్లిదండ్రుల సమావేశంలో కూర్చున్నా గంటలోపు ఈ మాట వస్తుంది. సంస్థలు దీనికి ఇచ్చే మామూలు జవాబు ఒక మంచం. డబ్బు కడితే హోమ్‌లో చోటు, ట్రస్టులో ఆస్తి, కాగితాల మీద గార్డియన్. ఇవన్నీ కావాలి. వీటితో సగం జవాబే అవుతుంది.

1989లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు తల్లిదండ్రులు సరిగ్గా ఈ ప్రశ్న మీదే ప్లాన్ అనే సంస్థ పెట్టారు. అప్పటికే వాళ్లు హోమ్‌లు, స్కూళ్లు అన్నీ చూసినవాళ్లు. వాళ్లు మళ్లీ ఇంకో హోమ్ కట్టలేదు. వైకల్యమున్న ఒక్కో మనిషి చుట్టూ స్నేహితుల బృందాన్ని తయారుచేయడమే పనిగా పెట్టుకున్నారు. దానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషి పని సేవ చేయడం కాదు, మనుషుల్ని కలపడం. ఒకామెకు పక్షులంటే ఇష్టమైతే పక్షుల్ని చూసే గుంపును వెతకడం, ఒకాయనకు రైళ్లంటే ప్రాణమైతే ఆ పిచ్చి ఉన్న ఇంకొకరిని పట్టుకోవడం, మొదటి కొన్నిసార్లు వెంట ఉండి, తర్వాత మెల్లగా తప్పుకోవడం. వైకల్యమున్నవారి పేరిట దీర్ఘకాలం పొదుపు చేసుకునేలా 2008లో కెనడా ప్రభుత్వం తెచ్చిన పథకం వెనక కూడా ఈ సంస్థ ఒత్తిడి ఉంది. డబ్బూ మనుషులూ రెండూ కావాలని వాళ్లకు తెలుసు. కాకపోతే మనుషుల్ని ముందు పెట్టారు.

ఈ పని ఒక కాగితంతో మొదలవుతుంది. మధ్యలో మనిషి పేరు రాసి, చుట్టూ నాలుగు వలయాలు గీస్తారు. మొదటి దాంట్లో ఇంటివాళ్లు, ప్రాణం పెట్టేవాళ్లు. రెండో దాంట్లో స్నేహితులు. మూడో దాంట్లో క్లబ్బులో, గుళ్లో, ఆటలో తారసపడే తెలిసినవాళ్లు. నాలుగో దాంట్లో జీతం తీసుకుని వచ్చేవాళ్లు: టీచర్లు, డాక్టర్లు, థెరపిస్టులు, ఆయాలు. ఇరవై దాటిన మనిషికి ఈ బొమ్మ గీసి చూస్తే చాలాసార్లు మొదటి వలయంలో ఇద్దరు ముసలివాళ్లుంటారు, నాలుగో వలయం పేర్లతో కిక్కిరిసి ఉంటుంది, మధ్యలో రెండూ ఖాళీ. థెరపీకి తిప్పుతూ గడిచిన ఇరవై ఏళ్లలో ఇంకెవరినీ కలిసే తీరిక దొరకలేదు మరి.

ఈ కాగితం గీయడానికి బిడ్డ ఇరవై ఒకటి దాటేదాకా ఆగే సంస్థలున్నాయి. ఆరేళ్లకే గీసేవీ ఉన్నాయి, తక్కువ. అలాంటి చోట ఏడాది ప్రణాళికలో చేతులు కడుక్కోవడం, బొమ్మల కార్డులు, స్పీచ్ థెరపీ గంటలు అన్నీ ఉంటాయి. వాటికన్నా పైన, రెండో గీత లోపల, అంటే స్నేహితుల వలయంలో, రాయడానికి ఒక్క పేరు వెతకడం అన్న పని ఉంటుంది. దాని ఎదురుగా బాధ్యత తీసుకున్న ఉద్యోగి పేరు, తేదీ కూడా ఉంటాయి.